కోడిమేతలో తేనెటీగ బంక

రోగము లేని కోడి యుండవచ్చును గాని టానిక్కు లేని కోళ్లఫారము నేడు కానరాదు. కాలేయమున కొక సీసా, కాళ్ల బలమున కొక సీసా, ఎండదెబ్బ కొక పొట్లము, చలికి మరియొకటి, ఇట్లు నలుబది దినములు మాత్రమే బ్రతుకు బ్రాయిలరు పక్షికి, నూరేండ్లు బ్రతుకగోరు జమీందారులకును దొరకని వైద్యోపచారములు జరుగుచుండగా, ఆ పరివారములోనికి ప్రోపోలిస్ అను నొక నూతన మహనీయ పదార్థము విచ్చేయుచున్నది. దీనిని మేతలో కలిపినంతనే కోళ్లకు రోగనిరోధకశక్తి యినుమడించుననియు, బరువు హెచ్చుననియు, గ్రుడ్డు పెంకు గట్టిపడుననియు, మరణములు తగ్గుననియు, వేసవితాపము సయితము సోకదనియు దీని భక్తులు ఘోషించుచున్నారు. ఇన్ని సద్గుణములు ఒక్క మనుష్యునియందు వినవచ్చినచో మనము పిల్ల నిచ్చుటకు ముందు ఇరుగుపొరుగువారిని విచారింతుము. డబ్బా విషయమున ఆపాటి జాగ్రత్తయేని అక్కరలేదా?

చెట్ల మొగ్గలనుండియు, బెరడు పగుళ్లనుండియు స్రవించు జిగురును తేనెటీగలు కొరికి తెచ్చి, తమ మైనముతో మేళవించి చేసికొను బంకయే ఈ ప్రోపోలిస్. సందులు పూడ్చుటకును, తొఱ్ఱ లోపలి గోడలకు పూయుటకును అవి దీనిని వాడును. ఎలుక యేదేని పెట్టెలో దూరి కాట్లకు చచ్చినచో, ఆ కళేబరమును బయటి కీడ్చు శక్తి చాలక, క్రుళ్లి దుర్గంధము పుట్టకుండ ఈ బంకతోనే దానిని కప్పివేయును. కావున దీనియందు సూక్ష్మజీవుల నణచు గుణము కలదనుట అసత్యము కాదు. ఆ గౌరవము దానికి దక్కవలసినదే. కాని యొక్క సంగతి. తేనెటీగ దీనిని తినదు, తన పిల్లలకును పెట్టదు, గోడకు పూయును. తేనెటీగను గురువుగా వరించిన ఫారము యజమాని ఆ గురువు చేసిన పనినే చేయదలచినచో బకెట్టుతో సున్నము కలుపుకొని షెడ్డు గోడలకు వెల్ల వేయవలెను. అది మాని గురువుగారి యింటి గోడలు గీకి ఆ పెచ్చులను కోళ్లకు మేపుట యే శాస్త్రమున విధింపబడిన గురుశుశ్రూషయో తెలియరాకున్నది.

ఈ బంకకు పేరు తెచ్చినది ప్రయోగశాల. మద్యసారమున నానబెట్టి తీసిన దీని సత్తు గాజుపళ్లెములోని స్టెఫిలోకాకస్ వంటి క్రిములను చక్కగా సంహరించును. అయితే కోళ్ల కడుపులలో కాపురముండి యజమాని కొంప ముంచు ఇ.కోలి, సాల్మొనెల్లా మరియొక జాతివి. వాటికి పైపొర అదనముగా నుండుటచేత వాటిమీద దీని ప్రతాపము తక్కువ. ఇక రాణిఖేత్, గంబోరో తెగుళ్లా, వైరసులు తెచ్చునవి. వాటికి వేళ తప్పని టీకాయే రక్ష. మిత్రుని జయించి శత్రువును విడిచిపెట్టు సేనాపతికి బిరుదు లిచ్చుట మన రాజ్యములలో క్రొత్త కాదనుకొనుడు.

ఐరోపా కూటమి దేశములు 2006 జనవరి 1 నుండి కోళ్లను త్వరగా పెంచుటకై మేతలో యాంటిబయాటిక్కులు కలుపుటను పూర్తిగా నిషేధించినవి. మన దేశమునను 2019లో పశుపక్ష్యాదులకు కొలిస్టిన్ అను యాంటిబయాటిక్కు వాడుక నిలిపివేయబడినది. సింహాసనము ఖాళీ యైనపుడు వారసులమని వచ్చువారికి కొదువ యుండునా? వెల్లుల్లి వచ్చినది, పసుపు వచ్చినది, ఇప్పుడు బంక వచ్చినది. కోళ్లపై పరీక్షలు జరుగకపోలేదు. కొన్నింట బరువు పెరిగినది, కొన్నింట ఏ భేదమును కానరాలేదు. కానరాకపోవుటలో వింత లేదు. ఐరోపా బంక పాప్లరు మొగ్గలది, బ్రెజిలువారి పచ్చబంక బాకరిస్ అను పొదది. చెట్టు మారినచో అందలి సారమే మారును. చెట్టు పేరు చెప్పకుండ బంక మహిమ చెప్పుట, గోత్రము చెప్పకుండ సంబంధము మాటలాడుట వంటిదే.

పోనిండు, మంచిదే యనుకొని లెక్కకు దిగుదము. పదివేల బ్రాయిలర్ల జట్టు పెరిగి అమ్ముడుపోవులోపల సుమారు నలుబది టన్నుల మేత తినును. కిలో మేతకు అరగ్రాము చొప్పున కలిపినను ఇరువది కిలోల బంక కావలెను. ఒక పెట్టెనుండి ఏడాదికి నూరు గ్రాములు లభించునని కొన్నచో, ఒక్క జట్టుకే రెండువందల పెట్టెల సంవత్సరపు కష్టము! ఇందులోను మరియొక చమత్కారము కలదు: తొఱ్ఱలలో కాపురముండు మన దేశవాళి తేనెటీగకు ఈ బంక సేకరించు అలవాటు లేదు, ఆ పని చేయునది పెట్టెలలో పెంచు ఇటలీ యీగ. అట్టి దుర్లభవస్తువు చౌకగా లభించుచున్నదనినచో, డబ్బాలోనిది బంకయో, బంక పేరు మాత్రమేనో విచారింపవలసియున్నది.

2025 ఫిబ్రవరిలో తణుకు సమీపమున వేల్పూరునను, పెరవలి మండలము కానూరు అగ్రహారమునను పక్షిజ్వరము నిర్ధారణ యైనపుడు అధికారులు చేసినదేమి? కిలోమీటరు మేర కోళ్లను చంపి పాతిపెట్టించిరి, పది కిలోమీటర్ల మేర నిఘా యుంచిరి. ఏ టానిక్కు సీసాయు ఆ కోళ్లకు అడ్డుపడలేదు. వాకిట క్రిమిసంహారక జలము నింపిన తొట్టి, తడిసిన వరియూకను ఎప్పటికప్పుడు తీసి పొడియూక పోయుట, అమ్మోనియా ఘాటు నిలువకుండ గాలి యాడించుట, బయటి బండ్లను లోనికి రానీయకుండుట: వీటిని అమ్మువారికి కమీషను లేదు గనుక వీటిని గూర్చి ఉపన్యసించు నాథుడును లేడు.

కావున ఫారము సోదరులారా, డబ్బాతో వచ్చిన పెద్దమనిషిని ఇది యే చెట్టు బంక, ఇందు సారమెంత శాతము, ఏ ప్రయోగశాల పరీక్షించినది అని అడుగుడు. కాగితము చూపినచో చదివి, కోళ్ల వైద్యునికి చూపి నిర్ణయించుకొనుడు. చూపలేనిచో ఆ సొమ్ముతో సున్నము కొనుడు.