డాలరు పాటకు ఎనభై వేల దండుగ

అమెరికా కాపీరైట్ చట్టం 504వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తనకెంత నష్టం వచ్చిందో రుజువు చేసే శ్రమ పడనక్కర్లేదు. దానికి బదులు చట్టమే గీసిన హద్దుల్లో పరిహారం కోరుకోవచ్చు. ఒక్కో కృతికి 750 డాలర్ల నుంచి 30,000 దాకా, తెలిసి చేసిన తప్పయితే 1,50,000 దాకా. మధ్యలో ఎక్కడ ఆగాలో చెప్పకుండా, న్యాయమని తోచినంత వేయమని వదిలేసింది.

ఎవరికెంత తోస్తుందో మిన్నెసోటాలో తేలింది. కజా అనే సాఫ్ట్‌వేర్‌తో పాటలు పంచిందంటూ ఒక మహిళ మీద రికార్డు కంపెనీలు దావా వేశాయి. విచారణకు నిలిచినవి 24 పాటలు. ఐట్యూన్స్‌లో అప్పట్లో పాట ధర 99 సెంట్లు. 2007లో జ్యూరీ పాటకు 9,250 చొప్పున 2,22,000 డాలర్లు వేసింది. జ్యూరీకి తాను చెప్పిన సూత్రమే తప్పంటూ జడ్జి మైకేల్ డేవిస్ ఆ తీర్పును పక్కన పెట్టారు. 2009లో రెండో జ్యూరీ పాటకు 80,000 చొప్పున 19,20,000 తేల్చింది. జడ్జి 54,000కు దించితే కంపెనీలు ఒప్పుకోలేదు. 2010లో మూడో జ్యూరీ 15,00,000 అంది, జడ్జి మళ్లీ 54,000 అన్నారు. 2012లో అప్పీలు కోర్టు తిరిగి తిరిగి మొదటి 2,22,000 దగ్గరే ఆగింది. అవే పాటలు, అదే చట్టం, అదే ప్రతివాది. సంతలో వంకాయల బేరం కూడా ఇంతగా ఊగదు.

అప్పీలు కోర్టు పట్టుకున్న కొలబద్ద 1919 నాటిది. ఆర్కన్సాలో ఒక రైల్వే కంపెనీ ఇద్దరు అక్కచెల్లెళ్ల దగ్గర తలా 66 సెంట్లు ఎక్కువ గుంజింది. ఒక్కొక్కరికి 75 డాలర్లు కట్టమన్న తీర్పును సుప్రీంకోర్టు నిలబెట్టింది. తప్పుకు బొత్తిగా పొంతన లేనంత కఠినమైతేనే రాజ్యాంగం అడ్డుపడుతుందని చెప్పింది. అక్కడ దండన నష్టానికి సుమారు 114 రెట్లు. ఇక్కడ పాట ధరకు 9,000 రెట్ల పైమాటే. ప్రయాణికులను పిండే కంపెనీకి ముకుతాడు వేయడానికి పనికొచ్చిన సూత్రం, శతాబ్దం తిరక్కుండానే కంపెనీల చేతికి చిక్కి ఒక మామూలు మనిషి మెడకు చుట్టుకుంది. దీన్ని న్యాయశాస్త్ర పురోగతి అనాలి.

కంపెనీల వాదన పూర్తిగా గాలి కబురేమీ కాదు. 99 సెంట్లే కట్టించుకుంటే ఎవరికీ భయముండదు. పంచిన పాట ఎన్ని చేతులు మారిందో లెక్కా దొరకదు. కానీ లెక్క దొరకనిచోట ఊహకు హద్దుండదు. పాటలు పంచుకునే మరో సాఫ్ట్‌వేర్ లైమ్‌వైర్ మీద కేసులో, పాట దించుకున్న ఒక్కో మనిషి లెక్కన తమకు విడివిడిగా పరిహారం కావాలని రికార్డు కంపెనీలు అన్నాయి. అలా కూడితే ట్రిలియన్ల డాలర్లవుతుందని, 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన నాటి నుంచి ఈ పరిశ్రమ మొత్తం గడించినదాన్ని మించిపోతుందని తేలి, జడ్జి కింబా వుడ్ 2011లో ఆ కోరికను తోసిపుచ్చారు. ఆ ఏడాదే కేసు 10.5 కోట్ల డాలర్లకు రాజీ అయింది.

కోర్టు అడగవలసింది ముందుగా ఒక్కటే: ప్రతివాది ఆ పాటలతో వ్యాపారం చేశాడా, లేదా? సొమ్ము చేసుకున్నవాడి దగ్గర లాభమంతా కక్కించి, పైన దండన వేయవచ్చు. పాటలు విన్నవాడికి అదే తూకం వాడకూడదు. కెనడా 2012లో ఈ తేడా చట్టంలోనే రాసుకుంది. వ్యాపారం కోసం కాని ఉల్లంఘనకు, కృతులు ఎన్నయినా, మొత్తం పరిహారం 100 నుంచి 5,000 డాలర్ల లోపే. అమెరికా చట్టంలో అలాంటి తేడా లేదు.