బ్యానర్ల పద్యానికి టీకా తాత్పర్యం

తే. మావి పదకొండు బ్యానర్లు, మాకు సాటి
యెవ్వ? డెనిమిది కట్టిన నేమి వాద
మింక? పాతవి కొత్తవి మీరు కలిపి
లెక్క పెట్టుడు, వెనువెంట లేచి పొండు.

అవతారిక: మార్చి వచ్చిందంటే అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అభిమానులకు ఒకటే తగువు: చరిత్ర మొత్తంలో ఏ కాలేజీ గొప్పది? ఆ తగువును ఒక్క దెబ్బతో తేల్చేద్దామనుకున్న లాస్ ఏంజెలెస్ అభిమాని నోట రావలసిన పద్యమిది. ఛందస్సు నాది, అహంకారం అతనిది.

ప్రతిపదార్థం: మావి = యు.సి.ఎల్.ఎ. వారివి; పదకొండు = జాన్ వుడెన్ కోచ్‌గా 1964–1975 మధ్య గెలిచిన పదీ, జిమ్ హారిక్ హయాంలో 1995లో వచ్చిన ఒకటీ; బ్యానర్లు = జాతీయ విజేత అయిన ఏడాదిని అచ్చువేసి ఆటశాల కప్పునుంచి వేలాడదీసే గుడ్డలు; ఎనిమిది కట్టిన నేమి = కెంటకీవాళ్లు ఎనిమిది కట్టుకుంటే మాత్రం ఏమిటట; పాతవి, కొత్తవి = ఇక్కడే చిక్కంతా, టీకలో చూడండి; లేచి పొండు = స్పష్టం.

టీక: “మావి” అన్నవాడు జన్మలో బంతి ముట్టి ఉండడు. అక్కడ రెండేళ్లు ఎమ్మెస్ వెలగబెట్టిన మన గుంటూరు కుర్రాడూ “మావి” అనే అంటాడు. ఈ షష్ఠీ విభక్తికి ఆస్తి పత్రాలు అక్కర్లేదు.

“పదకొండు” దగ్గర పూర్వపక్షి లేస్తాడు. ఇతను కెంటకీవాడు. 1974 దాకా జాతీయ టోర్నమెంటులోకి ఒక్కో కాన్ఫరెన్సు (కాలేజీల కూటమి) నుంచి ఒక్క జట్టునే రానిచ్చేవారు కదా అంటాడు. జట్లను ప్రాంతాలవారీగా విడగొట్టేవారు కనక తూర్పున గట్టివాళ్లు కొట్టుకు చస్తుంటే మీరు పడమట మీ దారిన గెలుచుకుంటూ చివరి నలుగురిలో తేలేవారు కదా అంటాడు. 1964లో నాలుగు ఆటలు గెలిస్తే కిరీటం. 1985లో టోర్నమెంటు 64 జట్లకు పెరిగాక ఆరు గెలవాలి. నాలుగాటల గుడ్డా ఆరాటల గుడ్డా ఒకే మూరతో కొలుస్తారా?

శంక సబబే. సమాధానం కూడా గట్టిదే. 1967 నుంచి 1973 దాకా వరసగా ఏడు! ఆ జట్టు ఆటగాడు, తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయిన లూ ఆల్సిండర్ తొలి కప్పు గెలవగానే డంక్ కొట్టడాన్నే (బంతిని పైనుంచి రింగులోకి కుక్కడాన్నే) నిషేధించారు. సూత్రం మారినా తర్వాతి రెండేళ్లూ వాళ్లే గెలిచారు. ఇక, నా మట్టుకు ఈ జట్టు గొప్పతనానికి పెద్ద సాక్ష్యం ఒక ఓటమి. 88 ఆటలు వరసగా గెలిచి 1974 జనవరి 19న నోటర్‌డామ్ కాలేజీతో ఆడటానికి వెళ్లారు. మూడు నిమిషాల చిల్లర మిగిలుండగా 70–59తో ముందున్నారు. అక్కణ్నుంచి ఆట ముగిసేదాకా పన్నెండు పాయింట్లూ ఎదుటివాళ్లవే. మూలనుంచి డ్వైట్ క్లే వేసిన బంతితో లెక్క 71–70. మిగతా కాలేజీల గెలుపుల కంటే ఈ ఓటమినే జనం ఎక్కువ తలుచుకుంటారు.

“ఎనిమిది”లో నాలుగు అడాల్ఫ్ రప్ తెచ్చినవి. మిగిలిన నాలుగూ నలుగురు వేర్వేరు కోచ్‌లవి. కెంటకీవాడి మర్మం ఇక్కడుంది: మాది మఠం, పీఠాధిపతులు మారినా దీపం ఆరదు, మీది ఒక స్వామివారి మహిమ, ఆయన దిగిపోగానే ఇరవయ్యేళ్లు చీకటి. ఈ మాటలో పస ఉంది. కానీ ఆ మఠాన్ని నిలబెట్టిన రప్పే 1966 ఫైనల్లో, అందరూ తెల్లవాళ్లే ఉన్న జట్టుతో, ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లను బరిలోకి దింపిన టెక్సస్ వెస్టర్న్ చేతిలో 72–65తో ఓడాడు. సగం మందిని గుమ్మం అవతలే నిలబెట్టిన రోజుల బ్యానర్లకు విలువెంత అని అడిగితే కెంటకీవాడు నీళ్లు నములుతాడు. నమలాలి కూడా.

“పాతవి” అనగానే ప్రక్షిప్తాల గొడవ. టోర్నమెంటు పుట్టిందే 1939లో. అయినా కాన్సస్‌లో 1922, 1923 బ్యానర్లున్నాయి, నార్త్ కరోలినాలో 1924దీ ఉంది. ఇవెక్కడివి? లాస్ ఏంజెలెస్‌లో పాల్ హెల్మ్స్ అనే రొట్టెల వ్యాపారి పేరిట నడిచిన సంస్థ, ఏళ్లు గడిచాక తీరిగ్గా వెనక్కి తిరిగి, ఫలానా ఏడు ఫలానావాళ్లే విజేతలని ప్రకటించింది. వీటిని పరిష్కర్తలు కుండలీకరణాల్లో పెట్టాలి.

కాన్సస్‌వాడు మాత్రం బ్యానర్ల దగ్గర ఆగడు, గురుపరంపర ఎత్తుతాడు. 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వాళ్ల తొలి కోచ్. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్. అలెన్ దగ్గర ఆడినవాళ్లే అటు కెంటకీ రప్పూ, ఇటు కరోలినా డీన్ స్మిత్తూ. కనక మీ కప్పులన్నీ మా వంశానివే అంటాడు. మూలపురుషుడు నైస్మిత్ లెక్క 55 గెలుపులు, 60 ఓటములు. కాన్సస్ కోచ్‌ల్లో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్నవాడు ఆయనొక్కడే. ఆ సంగతి పరంపరలో చెప్పరు.

“కొత్తవి” అంటే కనెక్టికట్. 1999కి ముందు ఒక్కటీ లేదు; 1999–2024 మధ్య ఆరు. అందుకే వాళ్లు 1999 నుంచే లెక్కపెడదామంటారు. కాన్సస్‌వాడు 1891 నుంచి, కెంటకీవాడు వుడెన్ దిగిపోయాక అంటారు. ఎవరు మొదటివాడో ముందే తేల్చుకుని, ఆనక దానికి సరిపడా మూరకోల చెక్కుతున్నారు.

గ్రంథపాతం: 2013 దగ్గర ఒక ఖాళీ ఉంది. ఆ ఏడు గెలిచిన లూయీవిల్ కప్పును 2018లో రద్దు చేశారు. ఫైనల్లో ఓడిన మిషిగన్‌కూ ఇవ్వలేదు. లిపికారుల దోషం అనుకోకండి.

తాత్పర్యం: మేం గెలిచాం, మీరు దయచేయండి.

విశేషం: “లేచి పొండు” అన్న ఆజ్ఞ ఎక్కడైనా చెల్లుతుందేమో గానీ నార్త్ కరోలినాలో చెల్లదు. ఆ కాలేజీకీ డ్యూక్‌కూ మధ్య దూరం పదిమైళ్లు, లేచినా పొరుగింటికే. కరోలినావి ఆరు, డ్యూక్‌వి ఐదు. రొట్టెల వ్యాపారి ఇచ్చిన 1924ని కలిపి ఏడంటే డ్యూక్‌వాడు నవ్వుతాడు. టోర్నమెంటులో ఈ రెండూ మొట్టమొదట తలపడ్డది 2022 సెమీఫైనల్లో. అది డ్యూక్ కోచ్ మైక్ షెషెఫ్‌స్కీకి ఆఖరి ఆట. కరోలినా 81–77తో గెలిచింది. దీన్నీ ఒక బ్యానర్ కింద జమకట్టమంటాడు కరోలినావాడు. రెండు రోజులకే ఫైనల్లో, సగం ఆటకు పదిహేను పాయింట్లు ముందుండి కూడా కాన్సస్ చేతిలో ఓడారు కదయ్యా అంటే, ఆ పద్యం ఈ శతకంలోది కాదంటాడు.