వేరే ఖాతా

(అల్ ఖోబర్, 2025. గురువారం రాత్రి. లెక్కల రావు చేతిలో కాలిక్యులేటరు, లారీ అంజన్న చేతిలో సులేమానీ చాయ్.)

రావు: అంజన్నా, నిలువునా మునిగిపోతున్నాం! ఇక్కడ 91 పెట్రోలు లీటరు 2.18 రియాళ్లు. కువైట్‌లో 2016 నుంచీ 85 ఫిల్సులే. రియాలు మీద నాలుగు హలాలలు, అంతే!

అంజన్న: నేనొచ్చిన కొత్తల ఈడనే 45 హలాలలుండె సారూ. నీళ్లు పిరం, పెట్రోలు అగ్గువ.

రావు: 2015 డిసెంబరుతో ఆ భోగం తీరింది. 2018లో 1.37. 2021 జూలైలో 2.18 దాటొద్దని రాజుగారు అన్నారు కనుక ఆగింది. యాభై లీటర్లకు 57 రియాళ్లు మిగులు. రేపు ఖఫ్జీ మీదుగా కువైట్ పోయొద్దాం.

అంజన్న: బహ్రెయిన్ పోరాదు? వంతెన పాతిక కిలోమీటర్లేనాయె.

రావు: అక్కడ టోలుంది. కళ్లెదుట డబ్బు తీసుకుంటారు.

అంజన్న: కువైట్ బార్డరుకు మూడొందల కిలోమీటర్లు. మీ కారు లీటరుకు ఎంతిస్తది?

రావు: పన్నెండు.

అంజన్న: పోనీకి పాతిక లీటర్లు, రానీకి పాతిక. అగ్గువ పెట్రోలు సగం తొవ్వలనే పాయె.

రావు: అది ప్రయాణ ఖాతా. ఇందులో కలపకూడదు.

అంజన్న: ఎగ్జిట్ రీ-ఎంట్రీకి 200 రియాళ్లు?

రావు: ప్రభుత్వ రుసుములు. వేరే ఖాతా.

అంజన్న: బార్డర్ల కారు ఇన్సూరెన్సు?

రావు: విహారం! మా హిందూపురంలోనూ అంతే, చవకని గౌరిబిదనూరు పోయి ట్యాంకు నింపుకొచ్చేవాణ్ణి.

అంజన్న: ఎంత మిగిలింది?

రావు: మిగిలిందానికి ఇడ్లీ తిన్నాను. అది తిండి ఖాతా. మా బావమరిది పాట్లు చూడు, లండన్‌లో పాత డీజిలు కారు తీస్తే రోజుకు పన్నెండున్నర పౌండ్లు, పొగకు సుంకం! 2023 ఆగస్టు నుంచి ఊరంతా అదే. మనకా పీడ లేదు.

అంజన్న: మీకు లేదు. నా లారీని రద్దీ టైముల రియాద్‌లకు రానియ్యరు. ఊరి బయట ఆపి, ఏసీ కోసం ఇంజిను నడుపుకుంట కూసుంట. ఊళ్లె ఇడువాల్సిన పొగ ఆడనే ఇడుస్త. 2023ల డీజిలు 75 హలాలలుండె, ఈ జనవరికి 1.66 ఆయె.

రావు: కంపెనీ ఖాతా.

అంజన్న: నేను కూసున్న గంటలు ఏ ఖాతా?

(రావు కాలిక్యులేటరంతా వెతికాడు. ఆ మీట లేదు.)

రావు: అసలు తప్పు కారుది, ట్యాంకు చిన్నది. ల్యాండ్ క్రూజరైతే గిట్టుబాటవుతుంది.

అంజన్న: దాని కిస్తు?

రావు: చాయ్ చల్లారిపోతోంది, తాగవయ్యా.