అద్దంలో చెరువు

దేవనహళ్లి విమానాశ్రయం చేరువలో ఉండటంతో హిందూపురం కుర్రాళ్లు వీపున సంచులేసుకుని బాలికి ఎగురుతున్నారు. గుళ్లు, సముద్రం, వరిమళ్లు చూడాలట.

సముద్రం సంగతి ఒప్పుకున్నాం. పెనుకొండకు అలలు తేవడం రాయలవారి వల్ల కూడా కాలేదు.

గుళ్లంటారా? లేపాక్షి 15 కిలోమీటర్లు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసింది ఐదో తరగతిలో. అదే ఆఖరు.

1565లో తళ్లికోట దగ్గర ఓడిన విజయనగరానికి రాజధానిగా పెనుకొండ సరిపోయింది. మనవాడి సెల్ఫీకి సరిపోలేదు.

బాలిలో దిగగానే పర్యాటక పన్ను లక్షా యాభై వేలు. ఇంట్లో నాన్న గుండె పట్టుకున్నాడు. కంగారొద్దు, అవి ఇండోనేషియా రుపయాలు. మన లెక్కలో వెయ్యి లోపే.

నిక్కరుతో గుడికెళ్తే నడుముకు బట్ట చుట్టుకోమంటారు. ధర్మవరం మగ్గాల సందులో పుట్టినవాడు గుడ్డ అద్దెకు తీసుకున్నాడు!

వరిమళ్ల మీద ఊయల ఊగడానికి టికెట్టు కొన్నాడు. నాట్లకు రమ్మని తాత పిలిస్తే మాత్రం నడుం నొప్పి.

ఇక లెంపుయాంగ్ గుడి ద్వారం. ఫొటోలో దాని ముందు నిండు చెరువు. తీరా వెళ్తే చుక్క నీరు లేదు. ఫోను కింద అద్దం పెట్టి తీస్తారు. అందుకు గంటల తరబడి వరుస.

ఈ కిటుకు మన నాయకుల చెవిన పడనీయకండి బాబూ. హంద్రీ-నీవా కాలువ నీళ్లు అడిగితే చెరువుకో అద్దం మంజూరు చేస్తారు.