పట్టుకు పట్టా

తేనెటీగల పెట్టెలు కేంద్రం పెట్టిన మధుక్రాంతి పోర్టల్‌కి ఎక్కాల్సిందే, ఎక్కకపోతే రాయితీ మాట మర్చిపోండి అన్న పాత హెచ్చరికే మళ్లీ మోగింది. పెంపకందారు ఆధార్ అడిగారు, పెట్టెలెన్నో అడిగారు. సబబే. మరి రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్లను వదిలేశారేం? ఈగలకీ ఇ-కేవైసీ పెట్టేస్తే ఓ పనైపోయేది.

ముందు ఇంటి యజమాని పేరు. రాణి అనే రాసుకోండి. అయితే మొన్న మాఘంలో పాత రాణి సగం సంసారాన్ని వెంటేసుకుని వేపకొమ్మకు లేచిపోయింది. పెట్టెలో కొత్త రాణి కూర్చుంది. ఇది వారసత్వమా, భాగపంపకాలా? మ్యుటేషన్‌కి దరఖాస్తు ఎవరు పెట్టుకోవాలి, తల్లా, కూతురా?

తర్వాత తండ్రి పేరు. ఇక్కడ మీసేవ కుర్రాడు తల పట్టుకుంటాడు. పోతుటీగ ఫలదీకరణం చెందని గుడ్డులోంచి పుడుతుంది, దానికి తండ్రే ఉండడు. తాత మాత్రం ఉంటాడు! ఎర్ర చుక్క పెట్టిన గడి ఖాళీగా ఉంటే పోర్టల్ ముందుకు కదలదు, తాత పేరు రాస్తే ఒప్పుకోదు. తహసీల్దారు గారి దగ్గర్నుంచి తండ్రి లేడన్న ధ్రువపత్రం తేవాలి.

వృత్తి గడి ఇంకా కష్టం. కూలీ ఈగ పుట్టగానే గదులు ఊడుస్తుంది, పిల్లల్ని సాకుతుంది, మైనంతో ఇల్లు కడుతుంది, గుమ్మంలో కాపలా కాస్తుంది, చివరికి పూలమీదకు పోతుంది. పూత కాలంలో ఇదంతా ఆరు వారాల బతుకు. ఏటా రెన్యువల్ అంటే, నిరుడు వేలిముద్ర వేసినవాళ్లలో ఒక్కరూ మిగలరు. సర్వర్ డౌన్ అయితే ఆరు వారాలంటే ఎంతలెండి.

శాశ్వత చిరునామా? ఆవపూతకు రాజస్థాన్, లిచ్చీ పూతకు ముజఫర్‌పూర్ అంటూ పెట్టె రాత్రిపూట లారీలో తిరుగుతూనే ఉంటుంది. లొకేషన్ కావాలంటే ఈగనే అడగండి. పువ్వు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో అది నాట్యం చేసి చెబుతుంది. ఆ భాష విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ ఇచ్చారు. మన పోర్టల్‌కి ఆ నాట్యం పీడీఎఫ్‌లో, 200 కేబీ మించకుండా కావాలి.

కాలిఫోర్నియాలోనూ ఏటా జనవరిలో పెట్టెల లెక్క చెప్పాల్సిందే. కానీ అక్కడ ఆ లెక్కతో ఒక పని జరుగుతుంది. పూతమీద ఈగలకు విషమయ్యే మందు కొట్టబోయేవాడు, మైలు లోపల పెట్టెలుండి కబురు కోరిన పెంపకందారుకు 48 గంటల ముందే చెప్పాలి.

ఇక్కడ? ఆరుబయట పొలాల్లో వాడొద్దని 2018లో యూరప్ నిషేధించిన పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్ మన ఊరి కొట్లో బల్లమీదే దొరుకుతుంది. పొద్దుతిరుగుడు నిండు పూతలో ఉండగా పట్టపగలు కొడతారు. సాయంత్రానికి పెట్టె ముందు ఈగలు చీపురుతో ఊడ్చేంత కుప్పగా పడి ఉంటాయి. ఆ కుప్పకు పంచనామా రాసే అధికారి ఎవరు? నష్టం కట్టే గడి ఏ ఫారంలో ఉంది? కొట్టిన రైతునని లాభం లేదు, అతనికి చెప్పినవాడూ లేడు. 500 కోట్ల తేనె మిషన్ పెట్టి, లక్షల పెట్టెల లెక్క రాసుకుని, ప్రతి పెంపకందారు ఫోన్ నంబరూ దగ్గర పెట్టుకున్నారు కదయ్యా. ఓటీపీ పంపడానికేనా ఆ నంబరు? మందు కొట్టే ముందురోజు ఒక్కసారి మోగించండి, పెట్టెలు మూసుకుంటారు.