ఇరవై లీటర్ల బతుకు

మూసాపేట మెట్రో స్టేషన్ దిగి సందుల్లోకి మళ్ళితే ఏ లేడీస్ హాస్టల్ మెట్ల కింద చూసినా నేనే కనిపిస్తాను. నీలి రంగు, 20 లీటర్ల పొట్ట. ట్రాలీ ఆటో కుర్రాడు "అక్కా, ఖాళీ క్యాన్ ఇయ్యి" అని కేకేస్తాడు, నిండుది దింపి ఖాళీది ఎక్కించుకుపోతాడు. ఏ క్యాన్ ఎన్నేళ్ళదో ఎవరికీ పట్టదు.

నా ఒళ్ళు పాలీకార్బొనేట్. అందులో ముఖ్యమైన ముడిసరుకు బిస్ఫినాల్ ఏ. దాని పాత చరిత్ర వింటే ముక్కున వేలేసుకుంటారు. 1936లో లండన్‌లో ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త దాన్ని పరీక్షించింది ప్లాస్టిక్ కోసం కాదు, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనుకు బదులుగా పనికొస్తుందేమోనని. పనిచేసింది గానీ బలం చాలలేదు. రెండేళ్ళకు ఆయన బృందానికి అంతకన్నా బలమైన డీఈఎస్ అనే కృత్రిమ హార్మోను దొరికింది. దాన్ని దశాబ్దాలపాటు గర్భిణులకు ఇచ్చారు. వాళ్ళ కూతుళ్ళలో కొందరికి అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడింది. మందుగా నెగ్గని బిస్ఫినాల్ మాత్రం 1950ల్లో ప్లాస్టిక్‌లో దూరింది. హార్మోను వేషం కడుతుందని ముందే తెలిసిన సరుకుతోనే చివరికి నీళ్ళ క్యాన్లూ, పాలసీసాలూ చేశారు!

అది నాలో బిగిసే ఉంటుంది, ఊరికే ఊడదు. వేడి తగిలినా, క్షారం తగిలినా పట్టు సడలుతుంది. మా ప్లాంటులో నన్ను సోడా నీళ్ళు పోసి గరుకు బ్రష్షుతో తోముతారు. ఒళ్ళంతా గీతలు. ఏప్రిల్ ఎండలో ట్రాలీ మీద గంటల తరబడి నిలబెడతారు.

1998లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పాట్రీషియా హంట్ అనే శాస్త్రవేత్త ఆడ ఎలుకల అండాలను పరిశీలిస్తోంది. మామూలుగా నూటికి ఒకటి రెండు అండాల్లో కనిపించే క్రోమోజోముల గందరగోళం ఉన్నట్టుండి నలభైకి ఎగబాకింది. ఆరా తీస్తే, ఎవరో పంజరాలను నేల కడిగే ఘాటు డిటర్జెంటుతో కడిగారని తేలింది. ఆ పంజరాలు నా జాతివే, పాలీకార్బొనేట్; బిస్ఫినాల్ వాటిలోంచే కారింది.

మా హాస్టల్ రెండో అంతస్తులో ఒకమ్మాయి ఉంది. హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టు. నెలసరి తప్పుతూ వస్తే స్కాన్ తీసి అండాశయాల జబ్బు, పీసీఓడీ అన్నారట. బరువు తగ్గమ్మా, నీళ్ళు బాగా తాగమ్మా అని పంపారు. తాగుతోంది పాపం, నా దగ్గరే. ఫోన్లో వాళ్ళమ్మ "ఆ రాత్రి డ్యూటీలు, ఆ బయటి తిండి మానవే" అంటుంది. ఎవరిని అడిగినా తప్పు పిల్ల అలవాట్లదే. నా అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకం చెప్పే 7 అంకెను వంగి చూసినవాళ్ళు లేరు.

అలాగని నింద మొత్తం నెత్తికెత్తుకోను. పీసీఓడీ ఉన్నవాళ్ళ రక్తంలో బిస్ఫినాల్ ఎక్కువగా ఉందని జపాన్‌లోనూ గ్రీసులోనూ గమనించారు. అది జబ్బు తెచ్చిందా, జబ్బువల్లే ఒంట్లోంచి మెల్లగా పోతోందా అన్నది తెగని పేచీ. వంశమూ ఉంది, నిద్రా ఉంది. సూపర్‌మార్కెట్ బిల్లు కాగితం పూతలోనూ నా చుట్టమే, సెంటు సీసాలో థాలేట్లనే మరో రకం రసాయనాలు వేరే. నిజానికి బిస్ఫినాల్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది. కాకపోతే మర్నాడు మళ్ళీ గ్లాసు నిండుతుంది. 2009లో హార్వర్డ్‌లో 77 మంది విద్యార్థులు ఒక్క వారం పాలీకార్బొనేట్ సీసాల్లో చల్లటివే తాగితే, మూత్రంలో బిస్ఫినాల్ మూడింట రెండు వంతులు పెరిగింది.

మన దేశంలో 2015 నాటి ప్రమాణం పాలీకార్బొనేట్ పాలసీసాలను వద్దంది. చంటిపిల్ల బతికిపోయింది, తల్లి కాబోయే పిల్ల సంగతి అందులో లేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో రోజుకు ఇంతవరకు ఫరవాలేదనే మోతాదును ఏకంగా 20,000 రెట్లు తగ్గించింది. ఆహారం తగిలే వస్తువుల్లో బిస్ఫినాల్ ఏ మీద అక్కడ 2025 జనవరిలో నిషేధం మొదలైంది, పాత సరుకుకు కొంత గడువిచ్చి.

మొన్న ఆ అమ్మాయి "బీపీఏ ఫ్రీ" స్టిక్కరున్న సీసా తెచ్చుకుంది. బీపీఏ అంటే బిస్ఫినాల్ ఏ; దాని బదులు చాలాచోట్ల వాడేది బిస్ఫినాల్ ఎస్. 2018లో అదే హంట్ ప్రయోగశాలలో, పంజరాలు మార్చాక కూడా, దెబ్బతిన్న కొత్త ప్లాస్టిక్ నుంచి అది కారి ఎలుకల అండాలను మళ్ళీ పాడుచేసింది. తన సీసాలో ఏది కలిపారో ఆ స్టిక్కరు చెప్పదు. పక్క మంచం పిల్ల చెబితే, దాన్ని అవతల పడేసి స్టీలు సీసా కొనుక్కుంది. పొద్దున్నే దాన్ని నింపుకునేది మాత్రం నా కుళాయి కిందే.