నిటారువాదులు

"నిటారుగా నిలబడండి సారూ" అను హితవాక్యమును, పాలు పోయువాడు మొదలు పెన్షను కాగితములు చూచు గుమాస్తా వరకు, మార్కాపురములో నాకు ఉచితముగా ప్రసాదింపనివాడు లేడు. నడుములో వెన్నునాళము ఇరుకైన వానికి ఇంతకంటె క్రూరమైన ఉపదేశము మరియొకటి ఉండదు. నిటారుగా నిలిచినకొలది ఆ నాళము మరింత కుంచించుకొని, లోని నరములు నలిగి, పిరుదుల నుండి పిక్కల వరకు సలుపును, తిమ్మిరియు దిగును. ముందునకు వంగినచో అది కొంత విప్పారి, పోయిన ప్రాణము లేచివచ్చును. 1954లో వెర్బీస్ట్ అను డచ్చి వైద్యుడు ఈ ఇరుకు, అనగా స్టెనోసిస్, సంగతి విపులముగానే వ్రాసెను గాని, ఆ వార్త మా వీధికి ఇంకను చేరలేదు.

కత్తి లేకుండ చూతమని వైద్యుడనెను. వెల్లకిల పరుండి మోకాళ్లను రొమ్మునకు తెచ్చుకొనవలెననియు, కదలని సైకిలు త్రొక్కవలెననియు, నడచునప్పుడు దేనిపైననో ఆని నడువవలెననియు ఫిజియోథెరపీ అమ్మాయి విధించెను. మహానగరములలో ఇట్టి రోగులు అంగళ్లలోని చక్రాల బుట్టపై మోచేతులు మోపి హాయిగా తిరుగుదురట. దానిని బట్టియే కొందరు వైద్యులు రోగమును పసిగట్టుదురట. మా వీధిలో ఆ బుట్ట ఎక్కడిది? ఉన్నది తోపుడుబండి.

కూరగాయల బండివానిని ఆపి, వీధి మొగదల దాక నన్ను త్రోయనిమ్మని అడిగితిని. అతడు నా ముఖమును, బండిని, మరల నా ముఖమును చూచి, "ఏంది సారూ, పెన్షను రావడంలేదా?" అనెను. వచ్చుచున్నదని నమ్మించి, బండిపైకి వంగి నాలుగడుగులు వేసితినో లేదో, నొప్పి మాయము! జీవితమంతయు ఛందస్సు బోధించి ఎరుగని సుఖమును వంకాయల వెనుక ఎరిగితిని. ఇంతలో ఒక ఇల్లాలు, "వంకాయలెట్టా ఇస్తున్నావు పెద్దాయనా?" అని అడిగెను. నా పూర్వశిష్యుడొకడు స్కూటరు దిగి, కన్నీరు పెట్టుకొన్నంత పనిచేసి, అవసరము లేని టమేటాలు కొని, చిల్లర పుచ్చుకొనకయే వెడలిపోయెను. శిష్యవాత్సల్యము వలన గిరాకి పెరుగుట గ్రహించిన బండివాడు, మరునాటి నుండి చెన్నకేశవస్వామి గుడి వరకును రమ్మని నన్నే బ్రతిమాలెను. నేనును ఉత్సాహపడి, బెండకాయలకు విశేషణములు చేర్చి కేకలు వేయుట ఆరంభించితిని. త్రాసుముల్లు మాత్రము నిటారుగా నిలిచిననే గాని సరుకు ఈయరాదని నేను పట్టుపట్టుటతో మా భాగస్వామ్యము ముగిసెను.

బండి పోయినంతనే బంధువులు చేరిరి. ఎదురుకాళ్లతో పుట్టినవానిచేత నడుము తొక్కించిన నిమిషములో పట్టు విడుచునని, అట్టివానిని మా బావమరిది ఏకముగా గిద్దలూరు నుండి బస్సెక్కించి తెచ్చెను. పట్టు వేరు, ఇరుకు వేరు అని మొత్తుకొని వానికి కాఫీ ఇచ్చి పంపితిమి. మరియొకరు వెన్నులో సూదిమందు వేయించుకొమ్మనిరి. 400 మంది రోగులపై జరిపి 2014లో ప్రకటించిన పరీక్షలో, మత్తుమందు ఒక్కటే ఎక్కించినవారికిని, దానితో స్టెరాయిడు కలిపి ఎక్కించినవారికిని ఆరు వారములకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 169 మందితో 2015లో వెలువడిన పరీక్షలో, రెండేండ్ల పిమ్మట శస్త్రచికిత్సకును వ్యాయామచికిత్సకును ఫలము ఇంచుమించు సమానముగానే తేలెను. అయితే వ్యాయామమునకు కేటాయింపబడినవారిలో సగమునకు పైగా నడుమ శస్త్రచికిత్సకు మరలిరట. మూత్రము వశము తప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, కాళ్లు చచ్చుబడినను ఈ లెక్కలన్నియు అవతల పెట్టి ఆసుపత్రికి పరుగెత్తవలసినదే.

ఫిజియోథెరపీ గదిలో మొన్న ఒక పెద్దాయన నా ప్రక్కన కూర్చుండెను. కనిగిరి వైపు పల్లెవాడు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఆ జిల్లా నీటిలోని ఫ్లోరైడు ఎముకలను ఏమి చేయుచున్నదో షార్ట్ మొదలగు వైద్యులు ప్రకటించిరి. నాకు వచ్చినది వయసుతో వచ్చిన ఇరుకు. ఆయనకు వచ్చినది చిన్ననాట చేదుకొని త్రాగిన బావినీటితో వచ్చినది. ఫ్లోరైడు పేరుకొన్నకొలది ఎముక మందమగును, ఎముకలను కట్టియుంచు బంధనములు గట్టిపడి ఎముకలే యగును, వెన్ను కొయ్యబారును. అట్టివారిని నిటారుగా నిలువుమని ఎవ్వరును అనరు. నేను మూలుగుచు మోకాళ్లను రొమ్మునకు తెచ్చుకొనుచుండగా ఆయన చాలసేపు చూచి, "నీది ఇంకా వంగుతాంది గదయ్యా" అనెను. ఆ మాటకు ఏమి బదులు చెప్పవలెనో నాకు తోచలేదు.

ఆయన మనుమలు మాత్రము టిన్ను నీళ్లే త్రాగుచున్నారట. వెలిగొండ ప్రాజెక్టు నీరు వచ్చువరకు ఆ ఖర్చు తప్పదని, 1996లో శంకుస్థాపన జరిగిననాటి నుండి నాకు తెలిసిన సంగతినే, ఆయన మరల నాకు చెప్పెను.